వెచ్చగా మొలిచి చల్లగా ఊరే పంట: వేడి ప్రాంతాల్లో క్యారెట్ ఎప్పుడు విత్తాలి?

తెలుగులో మంచుకు ఒకటే మాట. తెల్లవారుజామున గడ్డి కొసల మీద నిలిచే నీటి చుక్కలూ మంచే, సంక్రాంతి రోజుల్లో రోడ్డు కనపడకుండా కమ్మేసేదీ మంచే, కశ్మీరులో ఇళ్ల కప్పుల మీద పేరుకునేదీ మంచే. గాలిలోని తేమ ఆకుల మీద, నేల మీద తెల్లటి పలుకులుగా గడ్డకట్టడాన్ని ఇంగ్లీషులో ఫ్రాస్ట్ అంటారు. దానికి మన వాడుకలో విడిగా పేరు లేదు. ఉండాల్సిన అవసరమూ పడలేదు. హైదరాబాద్‌లో ఇప్పటివరకు నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీల సెల్సియస్, అదీ 1946 జనవరి 8న. చింతపల్లి పక్కన, దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్న లంబసింగి లాంటి కొద్దిచోట్ల మాత్రమే కొన్ని శీతాకాలపు రాత్రులు సున్నా దగ్గరికి వెళ్తాయి.

అలాంటి వాతావరణంలో పుట్టి పెరిగినవాళ్లు డాలస్‌లోనో, హ్యూస్టన్‌లోనో ఇల్లు కొనుక్కుని పెరట్లో కూరగాయలు వేద్దామనుకున్నప్పుడు మొదట ఎదురయ్యే కొత్త మాట ఈ ఫ్రాస్ట్ తేదీ, అంటే చలికాలంలో ఫ్రాస్ట్ మొదటిసారి, చివరిసారి పడే రోజు. క్యారెట్ విత్తనాల ప్యాకెట్ వెనక సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: చివరి ఫ్రాస్ట్‌కు రెండు మూడు వారాల ముందు నుంచి విత్తుకోవచ్చు అని. కొత్త చోటు, తెలియని చలి. అందుకని చాలామంది ఇంకాస్త జాగ్రత్త పడి, చలి పూర్తిగా పోయాక మార్చి చివర్లో విత్తుతారు. మొక్కలు బాగానే వస్తాయి. ఆకు గుబురుగా పెరుగుతుంది. జూన్ చివర్లో పీకి చూస్తే చిటికెన వేలంత పొట్టి దుంపలు, పాలిపోయిన రంగు, నములుతుంటే కర్పూరంలాంటి ఘాటు, నాలుక చివర చేదు. మట్టి మంచిది కాదనో, విత్తనం మంచిది కాదనో, తమ చేతికి పంట రాదనో అనుకుని మళ్లీ క్యారెట్ జోలికి పోరు.

వాళ్ల చేతిలో తప్పేమీ లేదు. ఆ ప్యాకెట్ మీది సలహా మిషిగన్, న్యూయార్క్ లాంటి ఉత్తరాది రాష్ట్రాల వేసవిని మనసులో పెట్టుకుని రాసింది. అక్కడ మే నెలలో విత్తినా ఆగస్టులో దుంప ఊరేటప్పటికి రాత్రులు చల్లబడుతుంటాయి. వేడి ప్రాంతంలో క్యారెట్‌కు శత్రువు చలి కాదు, ఎండ. అందుకే ఇక్కడ చివరి ఫ్రాస్ట్ తేదీ నుంచి ముందుకు లెక్కపెట్టడం కాకుండా, శరదృతువులో వచ్చే మొదటి ఫ్రాస్ట్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టాలి. ఈ ఒక్క మార్పుకు కారణం ఏమిటో అర్థం చేసుకుంటే, ఫ్రాస్ట్ అసలే పడని హైదరాబాద్‌కు కూడా అదే లెక్క వర్తిస్తుంది.

ఆ తేదీ ఎక్కడి నుంచి వస్తుంది?

అమెరికాలో ఫ్రాస్ట్ తేదీలను 30 ఏళ్ల వాతావరణ రికార్డుల నుంచి లెక్కకడతారు. ఇప్పుడు వాడుకలో ఉన్నవి 1991 నుంచి 2020 వరకు తీసిన సగటులు. ఒక ఊరికి ఒకే తేదీ ఉన్నట్టు క్యాలెండర్లు చూపిస్తాయి గానీ, అసలు లెక్కలో ప్రతి ఊరికీ చాలా తేదీలు ఉంటాయి. ఉష్ణోగ్రత 36, 32, 28 డిగ్రీల ఫారన్‌హీట్‌కు (సెల్సియస్‌లో దాదాపు 2, 0, మైనస్ 2) పడిపోయే అవకాశం ఏ తేదీకి ఎంత శాతం అని విడివిడిగా ఇస్తారు. మామూలుగా మనకు కనిపించే తేదీ 50 శాతం అవకాశం ఉన్నది. అంటే రెండేళ్లలో ఒక ఏడు ఆ తేదీ దాటాక కూడా ఫ్రాస్ట్ పడుతుంది. టమాటా నారు నాటేవాళ్లకు ఈ సంగతి తెలియకపోతే పెద్ద నష్టమే. క్యారెట్‌కు అంత టెన్షన్ లేదు, ఎందుకో ముందు ముందు చూద్దాం.

ఇంకో విషయం. వాతావరణ కేంద్రం థర్మామీటర్ నేలకు మనిషి ఛాతీ ఎత్తున, నీడలో, తరచుగా విమానాశ్రయం దగ్గర ఉంటుంది. మేఘాలు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. బరువైన చల్లగాలి నీరు పారినట్టే పల్లానికి జారి అక్కడ నిలుస్తుంది. అందువల్ల థర్మామీటర్ రెండు మూడు డిగ్రీల సెల్సియస్ చూపిస్తున్న రాత్రి కూడా పల్లంలో ఉన్న పెరడు గడ్డి మీద తెల్లటి పొర కట్టవచ్చు. దక్షిణం వైపు ఎండ తగిలే ఇటుక గోడ పక్కన ఉన్న మడికి అదే రాత్రి ఏమీ కాకపోవచ్చు. ఊరి తేదీ కన్నా పెరటి తేదీ ముఖ్యం. అది రెండు చలికాలాలు గమనించి రాసుకుంటే గానీ తెలియదు.

అమెరికాలో చలి తీవ్రతను బట్టి ప్రతి ప్రాంతానికీ ఇచ్చే జోన్ నంబరును కూడా చాలామంది దీనితో కలిపేస్తారు. డాలస్ 8వ జోన్, హ్యూస్టన్ 9వ జోన్ అన్నప్పుడు, అది ఏడాదిలో వచ్చే అతి తీవ్రమైన చలి సగటున ఎంత అన్నదే చెబుతుంది. మల్లె తీగ, నిమ్మచెట్టు బతుకుతాయా లేదా అనేదానికి అది పనికొస్తుంది. క్యారెట్ ఎప్పుడు విత్తాలో దాన్నిబట్టి తేలదు.

విత్తనం అడిగేది ఒకటి, దుంప అడిగేది ఇంకొకటి

క్యారెట్ జీవితంలో రెండు దశలున్నాయి. వాటికి కావలసిన వేడి ఒకటి కాదు. ఈ తేడాలోనే మొత్తం విషయం ఉంది.

మొదటిది మొలక దశ. క్యారెట్ విత్తనం సన్నది, గ్రాముకు 800 దాకా తూగుతుంది. అర అంగుళం కన్నా లోతుగా పడితే పైకి రాలేదు. అంత పైపైన ఉన్న విత్తనం నేల పైపొర వేడికీ, ఎండిపోవడానికీ పూర్తిగా లోబడి ఉంటుంది. నేల ఉష్ణోగ్రత 5 డిగ్రీలుంటే మొలక పైకి రావడానికి 50 రోజులు పడుతుంది. 10 డిగ్రీల దగ్గర 17 రోజులు, 15 దగ్గర 10 రోజులు, 20 నుంచి 30 డిగ్రీల మధ్య 6, 7 రోజులు చాలు. 35 డిగ్రీలకు వెళ్తే మళ్లీ ఆలస్యమవుతుంది. 40 డిగ్రీల దగ్గర మొలకే రాదు. అంటే క్యారెట్‌ను చలికాలపు పంట అని మనం ఎంత అనుకున్నా, దాని విత్తనానికి మాత్రం వెచ్చటి నేలే ఇష్టం.

మొలిచిన మొదటి మూడు నాలుగు వారాలు పైన రెండు ఆకులు తప్ప ఏమీ కనిపించవు. ఆ రోజుల్లోనే తల్లివేరు సూటిగా కిందికి దిగుతుంది. దుంప ఎంత పొడవు ఉండాలో దాదాపు అప్పుడే తేలిపోతుంది. ఆ సమయంలో వేరు కొసకు మట్టిగడ్డో, రాయో, మాగని పశువుల ఎరువో తగిలితే రెండుగా చీలుతుంది. నీరు అందక కొస ఎండితే పొట్టిగా మిగిలిపోతుంది. తర్వాత ఎంత ఎరువు వేసినా, ఎంత నీరు పెట్టినా ఆ పొడవు తిరిగి రాదు.

రెండో దశ ఊరడం. పొడవు తేలాక వేరు లావెక్కుతుంది, రంగు పడుతుంది, తీపి చేరుతుంది. దీనికి గాలి ఉష్ణోగ్రత సగటున 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే శ్రేష్ఠం. పగలు ఆకు తయారుచేసిన చక్కెరలో కొంత రాత్రి శ్వాసక్రియకు ఖర్చవుతుంది. రాత్రి ఎంత వేడిగా ఉంటే ఖర్చు అంత ఎక్కువ. మేలో డాలస్ రాత్రులు, మార్చి చివర హైదరాబాద్ రాత్రులు 20 డిగ్రీల చుట్టూ ఉంటాయి. పగలు సంపాదించింది రాత్రికి కరిగిపోతుంటే దుంపలో చేరేదేముంటుంది? దానికి తోడు వేడిలో పెరిగిన క్యారెట్‌లో టెర్పీన్లు అనే ఘాటైన పదార్థాలు ఎక్కువవుతాయి. కర్పూరం వాసన, చేదు వాటివల్లే. ఉన్న కాస్త తీపిని కూడా అవి కప్పేస్తాయి. బీటా కెరోటిన్ సరిగా చేరక రంగు పాలిపోతుంది. మరీ చల్లగా, నెలల తరబడి 10 డిగ్రీల లోపు ఉన్నా రంగు రాదు, దుంప సన్నగా సాగుతుంది. కానీ వెచ్చటి ప్రాంతాల్లో ఆ సమస్య తక్కువ.

ఇప్పుడు ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మొలకెత్తడానికి వెచ్చదనం, ఊరడానికి చల్లదనం. రోజులు గడిచేకొద్దీ వేడి తగ్గుతూ పోవాలి. శరదృతువులో ప్రకృతి సరిగ్గా అదే చేస్తుంది. వసంతంలో అంతా తలకిందులు. చల్లటి నేలలో విత్తనం మూడు వారాలు పడుకుంటుంది, ఊరే సమయానికి ఎండలు మండుతుంటాయి. మార్చిలో విత్తిన క్యారెట్ వేడి ప్రాంతంలో ఎందుకు మోసం చేస్తుందో దీంతో తెలుస్తుంది.

చలి సంగతి చూస్తే, క్యారెట్ ఆకు సున్నాకు రెండు మూడు డిగ్రీలు దిగువన ఉన్న రాత్రిని పెద్దగా లెక్కచేయదు. మొక్క చలికి అలవాటు పడేకొద్దీ కణాల్లో చక్కెర సాంద్రత పెంచుకుంటుంది, దాంతో లోపలి నీరు తొందరగా గడ్డకట్టదు. అది తనను తాను కాపాడుకోవడానికి చేసుకునే పని. మనకు మాత్రం తియ్యటి దుంప అవుతుంది. అందుకే మొదటి ఫ్రాస్ట్ తర్వాత పీకిన క్యారెట్‌కు అంత పేరు. సున్నాకు ఆరేడు డిగ్రీలు కిందికి పోతే ఆకు మాడిపోవచ్చు. దుంప మట్టిలో ఉంటుంది కాబట్టి దానికి రక్షణ ఉంది. మట్టి పైకి తేలిన భుజం భాగం మాత్రం గడ్డకట్టి, తర్వాత మెత్తబడి కుళ్లుతుంది. ముందే మట్టి ఎగదోసి, పైన నాలుగైదు అంగుళాల ఎండుగడ్డి కప్పితే చాలా రాత్రులు గట్టెక్కుతాయి. 2021 ఫిబ్రవరి 16న డాలస్ విమానాశ్రయంలో మైనస్ 19 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అలాంటి అసాధారణమైన చలి వస్తుందని నాలుగు రోజుల ముందు తెలిస్తే, ఉన్న దుంపలన్నీ పీకి ఫ్రిజ్‌లో పెట్టుకోవడమే మంచిది.

డాలస్ పెరటికి లెక్క కట్టి చూస్తే

డాలస్ ప్రాంతంలో మొదటి ఫ్రాస్ట్ సగటున నవంబర్ మూడు, నాలుగు వారాల్లో వస్తుంది. చివరిది మార్చి మొదటి సగంలో. ప్యాకెట్ మీద 75 రోజులు అని ఉన్న నాంటెస్ రకం తీసుకుందాం. ఆ 75 రోజులు మంచి వెలుతురు, హాయైన వేడి ఉన్నప్పటి మాట. డాలస్‌లో డిసెంబర్ మూడో వారంలో పగటి పొడవు 10 గంటలే. అక్టోబర్ చివరి నుంచి ఎదుగుదల మందగిస్తుంది కాబట్టి లెక్కకు రెండు మూడు వారాలు కలుపుకోవాలి.

ఫ్రాస్ట్ నాటికే పంట చేతికి రావాలి అనుకుంటే 90 రోజులు వెనక్కి వెళ్లి ఆగస్టు మూడో వారంలో విత్తాలి. టమాటాకైతే ఈ లెక్క సరే. క్యారెట్‌కు ఇదే చిక్కు. ఆగస్టులో డాలస్ పగటి వేడి సగటున 36 డిగ్రీలు, ఎండ పడే నేల పైపొర 40 దాటిపోతుంది. విత్తనం మొలవదు, మొలిచినా మధ్యాహ్నానికి కాడ దగ్గర కాలిపోతుంది. అయితే ఫ్రాస్ట్ నాటికి క్యారెట్ పూర్తిగా ఊరి ఉండాల్సిన పనే లేదు. అప్పటికి వేలు లావు దుంప కట్టి ఉంటే చాలు, మిగిలిన ఎదుగుదల, తీపి చలిలోనే జరుగుతాయి. కాబట్టి ఫ్రాస్ట్ తేదీ నుంచి 8 నుంచి 10 వారాలు వెనక్కి లెక్కపెడితే సరిపోతుంది. డాలస్‌కు అది సెప్టెంబర్ రెండో వారం నుంచి చివరి వారం దాకా వస్తుంది. ఏ తేదీ అన్నది ఆ ఏటి ఎండను బట్టి తేల్చుకోవాలి. వారం రోజులు పొద్దున తొమ్మిది గంటలకు రెండు అంగుళాల లోతున నేల థర్మామీటర్ గుచ్చి చూసి, 27, 28 డిగ్రీల కన్నా తక్కువ చూపిస్తే ధైర్యంగా విత్తవచ్చు. సెప్టెంబర్ 20న విత్తింది డిసెంబర్ చివరికి తినడానికి వస్తుంది, జనవరి అంతా మడిలోనే నిలవ ఉంటుంది.

అక్టోబర్ మధ్య దాకా కూడా విత్తవచ్చు, అవి ఫిబ్రవరిలో వస్తాయి. నవంబర్‌లో విత్తితే ఇంకో ప్రమాదం మొదలవుతుంది. క్యారెట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడు దుంప, రెండో ఏడు పువ్వు. ఏడు మారిందని మొక్కకు తెలిసేది చలివల్లే. ఎనిమిది, పది ఆకులు వేసి పెన్సిల్ మందం ఉన్న మొక్క ఆరు నుంచి పది వారాలు 10 డిగ్రీల లోపు చలి చూస్తే, ఒక చలికాలం గడిచిపోయిందని లెక్క వేసుకుని మార్చిలో పూకాడ లేపుతుంది. కాడ లేచిన క్యారెట్ మధ్యలో కర్రలా గట్టిపడుతుంది, దాన్ని కూరకు వాడలేం. నవంబర్‌లో విత్తినవి మార్చికి సగం ఊరీ ఊరక సరిగ్గా ఈ ఉచ్చులో పడతాయి. చిన్న మొలకకు ఈ చలి పట్టదు. అందుకే ఫిబ్రవరిలో విత్తిన వాటిలో పూకాడ తక్కువ.

వసంతంలో వేయాలనే కోరిక ఉంటే, అక్కడా చివరి నుంచే లెక్కపెట్టాలి. డాలస్‌లో మే మధ్యకల్లా పగటి వేడి 29 డిగ్రీలకు చేరుతుంది. అక్కడి నుంచి 90 రోజులు వెనక్కి వెళ్తే ఫిబ్రవరి మధ్య. చివరి ఫ్రాస్ట్‌కు ఇంకా నాలుగు వారాలు ఉండగానే విత్తనం నేలలో ఉండాలన్నమాట. నేల 10 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి మొలకకు రెండు మూడు వారాలు పడుతుంది, మార్చిలో ఒకటి రెండు తేలిక ఫ్రాస్టులు పడినా మొలక తట్టుకుంటుంది. ఈ పంట శరదృతువు పంటంత తియ్యగా ఉండదు. వంటకు మాత్రం బాగానే పనికొస్తుంది.

హ్యూస్టన్‌లో మొదటి ఫ్రాస్ట్ డిసెంబర్ మొదట్లో గానీ రాదు, సెప్టెంబర్ ఎండ కూడా తగ్గదు. అక్కడ విత్తే కాలం సెప్టెంబర్ చివర మొదలై నవంబర్‌లోకి సాగుతుంది. ఫీనిక్స్ నగరం మధ్యలోనైతే ఫ్రాస్ట్ పడని ఏళ్లు కూడా ఉంటాయి, క్యారెట్ అక్కడ పూర్తిగా చలికాలపు పంట. దానికి పశ్చిమాన, కాలిఫోర్నియా ఎడారిలో, వేసవిలో 45 డిగ్రీలు దాటే ఇంపీరియల్ లోయలో హోల్ట్‌విల్ అనే చిన్న ఊరు తనను తాను ప్రపంచ క్యారెట్ రాజధాని అని పిలుచుకుంటుంది, ఏటా చలికాలంలో క్యారెట్ పండుగ జరుపుకుంటుంది. నీరు కాలువది, చలి రాత్రులది. ఎడారిలో క్యారెట్ పండుతోందంటే విత్తే తేదీకి ఎంత బలముందో తెలుస్తుంది.

ఫ్రాస్ట్ లేని చోట దేన్ని పట్టుకోవాలి?

హైదరాబాద్ చుట్టుపక్కల చేవెళ్ల, శంకర్‌పల్లి మండలాల రైతులు క్యారెట్ బాగా వేస్తారు. వాళ్లకు ఫ్రాస్ట్ తేదీ లేదు. కానీ లెక్క మొదలుపెట్టడానికి ఒక గుర్తు కావాలి. అలాంటి గుర్తులు మన దగ్గర రెండున్నాయి. ఒకటి సామెత, ఒకటి కార్తె.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని ఇంటింటా అంటారు. దీన్ని మన చివరి చలి తేదీ అనుకోవచ్చు. హైదరాబాద్‌లో పగటి వేడి సగటు జనవరిలో 29 డిగ్రీల దగ్గర ఉండి, ఫిబ్రవరిలో 32కు పోతుంది, మార్చిలో 35 దాటుతుంది. క్యారెట్ ఊరడానికి చివరి గడువు కూడా అదే. ఇబ్బంది ఏమిటంటే శివరాత్రి చాంద్రమాన పండుగ. ఒక ఏడు ఫిబ్రవరి మధ్యలో వస్తే ఇంకో ఏడు మార్చి రెండో వారం దాకా జరుగుతుంది. 2025లో ఫిబ్రవరి 26న వచ్చింది, 2026లో ఫిబ్రవరి 15న. పంట లెక్కకు ఇంత ఊగిసలాట పనికిరాదు.

కార్తె అలా కాదు. సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడో దాన్నిబట్టి వచ్చేది కనుక ఏటా అదే తేదీకి, మహా అయితే ఒక రోజు తేడాతో వస్తుంది. 27 కార్తెలు, ఒక్కొక్కటి 13, 14 రోజులు. అమెరికావాళ్ల ఫ్రాస్ట్ క్యాలెండర్ చేసే పనినే, ఋతువును పక్షం రోజుల ముక్కలుగా విడగొట్టి చూపడాన్ని, మన రైతులు తరతరాలుగా కార్తెలతో చేస్తున్నారు. ఫిబ్రవరి 20ని ఎండ గడువుగా పెట్టుకుని 100 రోజులు వెనక్కి లెక్కిస్తే నవంబర్ 12. అది విశాఖ కార్తె. నాణ్యమైన దుంప కావాలంటే విత్తనం పడాల్సిన చివరి రోజులు అవే. ముందు వైపు గడువును వాన నిర్ణయిస్తుంది. నైరుతి రుతుపవనాలు తెలంగాణను అక్టోబర్ మధ్యకు అటూ ఇటుగా వదిలిపోతాయి. హస్త కార్తెలో విత్తితే నేల వేడి సరిగ్గా ఉంటుంది గానీ, ఒక్క గట్టి వాన పడితే పైపైన ఉన్న విత్తనం కొట్టుకుపోతుంది. చల్క నేలల్లో ఇంకో బాధ. వాన వెలిసి ఎండ కాయగానే పైన పెచ్చు కట్టేస్తుంది, వెంట్రుక లాంటి మొలక దాన్ని పగలగొట్టుకుని రాలేదు. కాబట్టి అక్టోబర్ 10 తర్వాత వచ్చే చిత్త, స్వాతి, ఆపైన విశాఖ, ఈ మూడు కార్తెలు తెలంగాణ పీఠభూమికి క్యారెట్ విత్తే అసలైన కాలం. డిసెంబర్‌లో రాత్రి వేడి సగటున 14 డిగ్రీలకు దిగే సమయానికి ఈ పంట లావెక్కే దశలో ఉంటుంది. పైగా హైదరాబాద్‌లో అతి చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది కాబట్టి డాలస్‌లో లాగా ఎదుగుదల మందగించదు. ఇది మన అక్షాంశం ఇచ్చిన వరం.

కోస్తాలో ఇంత సుఖం లేదు. విజయవాడ, కాకినాడల్లో డిసెంబర్ రాత్రులు కూడా 19, 20 డిగ్రీల దగ్గరే ఉంటాయి. అక్టోబర్, నవంబర్ తుపానుల కాలం. నెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వాన డిసెంబర్ దాకా పడుతుంది. అక్కడ నవంబర్ రెండో సగంలో, ఎత్తు మడుల మీద, వేడిని తట్టుకునే కురోడా తరహా రకాలు వేసుకోవాలి. రంగు, తీపి చేవెళ్ల దుంపంత రావు. పెరటి అవసరానికి అది చాలు.

దక్షిణాదిన ఫ్రాస్ట్ నిజంగా పడే నీలగిరుల్లో, 2,200 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీలో, క్యారెట్ ఏడాది పొడవునా పండుతుంది. వేసవిలో రైతుబజార్లకు వచ్చే ఊటీ క్యారెట్ అదే. ఫ్రాస్ట్ పడే చోట ఏడాదంతా, అసలు పడని చోట మూడు నాలుగు నెలలే! ఏ చోటైనా హద్దు గీసేది వేడేనని దీన్నిబట్టి తెలుస్తుంది.

రకం ఎంపికలోనూ ఇదే తర్కం నడుస్తుంది. నాంటెస్, పూసా యమదగ్ని లాంటి ఐరోపా తరహా నారింజ రంగు క్యారెట్లు పూకాడ వేయాలంటే 5 నుంచి 10 డిగ్రీల చలి 40, 50 రోజులు కావాలి. అందుకే వాటి విత్తనం మన మైదానాల్లో తయారవదు, హిమాచల్‌లోని కులూ లోయలాంటి చోట్ల చేస్తారు. ఉత్తర భారతంలో చలికాలంలో హల్వాకు వాడే ఎర్ర గాజర్ ఆసియా తరహాది. పూసా రుధిర అలాంటిదే. వేడిని ఎక్కువ తట్టుకుంటుంది, కాస్త చలికే పువ్వుకు వస్తుంది, మైదానంలోనే విత్తనం కడుతుంది. కాస్త ముందుగా, సెప్టెంబర్‌లోనే విత్తాలనుకునేవాళ్లకు ఆసియా రకం, అక్టోబర్ మధ్య తర్వాత విత్తేవాళ్లకు నాంటెస్ సరిపోతాయి.

రైతు విషయంలో ఒక మాట ఒప్పుకోవాలి. మంచి దుంప వచ్చే తేదీ, మంచి ధర వచ్చే తేదీ ఒకటి కాదు. చిత్త కార్తెలో అందరూ విత్తితే జనవరి, ఫిబ్రవరిలో మార్కెట్ నిండిపోతుంది. ఆగస్టులో కష్టపడి విత్తినవాళ్లకు, జనవరిలో విత్తి ఏప్రిల్‌లో తీసేవాళ్లకు దిగుబడి తగ్గినా ధర దొరికే అవకాశం ఉంటుంది. వాళ్లు తెలియక వేస్తున్నారనుకోవడం తప్పు. పెరట్లో వేసుకునేవాళ్లకు ఆ ఒత్తిడి లేదు కనుక రుచిని మాత్రమే చూసుకుని తేదీ ఎంచుకోవచ్చు. పది రోజులకో చిన్న సాలు చొప్పున మూడు నాలుగు సార్లు విత్తుకుంటే ఒకేసారి కుప్ప పడదు, ఒక విడత వానకు పోయినా ఇంకోటి మిగులుతుంది.

వేడి నేలలో మొలక దక్కించుకోవడం

శరదృతువు పంటలో గెలుపోటములన్నీ మొదటి పది రోజుల్లోనే. సాయంత్రం, ముందే బాగా తడిపి ఆరనిచ్చిన సన్నటి దుక్కిలో, అర అంగుళం లోపు లోతున విత్తనం చల్లి, పైన మట్టికి బదులు మెత్తటి కోకోపీట్ గానీ మాగిన కంపోస్టు గానీ కప్పితే పెచ్చు కట్టదు. దానిమీద తడిపిన గోనెపట్టా పరవాలి. గోనె కింద నేల ఐదారు డిగ్రీలు చల్లగా ఉంటుంది, తేమ ఆరిపోదు. రోజుకు రెండుసార్లు గోనె మీదే నీళ్లు చిలకరించాలి. ఒక్క మధ్యాహ్నం పొడిగా వదిలేసినా అప్పుడే పగిలిన విత్తనం చచ్చిపోతుంది, మళ్లీ తడిపినా లేవదు. నాలుగో రోజు నుంచి పొద్దున్నే గోనె ఎత్తి చూడాలి. తెల్లటి కొక్కెం లాంటి మొలకలు కనిపించగానే తీసేయాలి, ఆలస్యం చేస్తే అవి గోనె నారలోకి పాకి దానితోపాటు ఊడి వస్తాయి. అక్కడి నుంచి రెండు వారాలు మధ్యాహ్నపు ఎండ తగలకుండా షేడ్‌నెట్ కడితే చాలు.

మొక్క నాలుగు ఆకులు వేశాక ఒత్తు తీసి, ఒక్కోదానికి రెండు మూడు అంగుళాలు ఎడం ఉంచాలి. పసి మొక్కను పీకడానికి చాలామందికి చేయి రాదు. తీయకపోతే ఏ తేదీన విత్తినా మిగిలేవి దారాలే.

డాలస్‌లో ఇలా సెప్టెంబర్‌లో వేసిన మడిని ఫిబ్రవరి చివరికల్లా, పూకాడలు లేవకముందే ఖాళీ చేసేయాలి. నేల గుల్లగా, కలుపు లేకుండా సిద్ధంగా ఉంటుంది. నెల ఆగి, మార్చి చివర నేల 18 డిగ్రీలు దాటాక అందులోనే బెండ, గోంగూర, బీర విత్తుకోవచ్చు. చలి తగిలితే ఒక్క రాత్రికే నల్లబడిపోయే పంటలవి. ప్యాకెట్ మీది చివరి ఫ్రాస్ట్ తేదీ అక్షరాలా వర్తించేది వాటికే.